బల్గేరియా సినిమా చూడమని ఎవరికైనా చెప్పాలంటే

ఎవరైనా "బల్గేరియా సినిమా ఒకటి చెప్పు" అని అడిగితే సినిమా పిచ్చి ఉన్నవాళ్ళు చేసే మొదటి పని పది పేర్లు టకటకా టైప్ చేసి పంపేయడం. అడిగినవాళ్ళు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటారు, ఇక అంతే సంగతులు. పదిలో ఏది ముందు చూడాలో తెలీదు, పేర్లు చూస్తే నోరు తిరగదు, ధైర్యం చేసి ఒకటి వెతికితే అదే పేరుతో ఉన్న హాలీవుడ్ సినిమా వచ్చి కూర్చుంటుంది. కొరియా సినిమాలకో ఇరాన్ సినిమాలకో అయితే లిస్టు పంపినా నడుస్తుంది, అవతలివాళ్ళు ఇప్పటికే రెండు మూడు చూసి ఉంటారు కాబట్టి ఒకటి బాగోకపోయినా ఇంకోటి చూస్తారు. బల్గేరియాకి ఆ వెసులుబాటు లేదు. మీరు చెప్పిన మొదటి సినిమా చూసి ఆ దేశపు సినిమాలన్నీ ఇంతేనని తేల్చేసుకుంటారు. అందుకే ఒక్కటే చెప్పండి, అదీ బల్గేరియా గొప్పతనం చాటేది కాకుండా, అడిగిన మనిషికి పట్టేది.

బల్గేరియన్ల నోటి నుంచి వచ్చే పేర్లని యథాతథంగా అందించడం కూడా పనిచేయదు. వాళ్ళ సినిమా 1915లో వాసిల్ గెందొవ్ తీసిన మూకీతో మొదలైంది. నూరేళ్ళు నిండాయని 2015లో అక్కడి జాతీయ టీవీ ప్రేక్షకుల చేత ఓట్లు వేయిస్తే 'టైమ్ ఆఫ్ వయొలెన్స్' (1988) మొదటి స్థానంలో నిలిచింది. పెద్ద సినిమానే, దాని గురించి కింద చెబుతాను, కానీ బయటివాళ్ళకి మొదటి సినిమాగా మాత్రం వద్దు. మనం మాయాబజార్‌ని నెత్తిన పెట్టుకుంటాం, నిజమే, కానీ ఘటోత్కచుడెవరో, లక్ష్మణకుమారుడెవరో ఏమీ తెలియని పోలండ్ మనిషికి తెలుగు సినిమా అంటే ఇదీ అని మొదటిరోజే అది చూపిస్తే సగం నవ్వులు గాల్లో పోతాయి కదా. ఓ దేశం తనకోసం దాచుకున్న సినిమాలు వేరు, పరాయివాళ్ళకి తలుపు తీసే సినిమాలు వేరు.

తలుపు తీసే సినిమా మనవాళ్ళకైతే నా లెక్కలో ఒకటే: 'బ్లాగాస్ లెసన్స్' (2023), దర్శకుడు స్టెఫాన్ కొమాందరెవ్. రిటైరైన టీచరమ్మ బ్లాగా, వయసు డెబ్భై, భర్త ఈమధ్యే పోయాడు, ఆయన సమాధికి చోటు కొనాలని డబ్బు కూడబెట్టుకుంటే ఒకరోజు ఫోన్ మోగుతుంది, పోలీసులమంటూ అవతలివాళ్ళు భయపెట్టి ఆవిడ దాచుకున్నదంతా ఊడ్చేస్తారు. డిజిటల్ అరెస్ట్ పేరుతో మన దగ్గర పెద్దవాళ్ళకి వస్తున్న కాల్స్ గురించి వినని ఇల్లు లేదు కాబట్టి మొదటి ఇరవై నిమిషాలకి బల్గేరియా గురించి ఒక్క ముక్క వివరించక్కర్లేదు, చూసేవాళ్ళకే చెమటలు పడతాయి. ఆ తర్వాత ఆవిడ ఏం చేస్తుందన్నదే సినిమా, అది మాత్రం పొరపాటున కూడా చెప్పకండి. "ఒక ముసలావిడ మోసపోయిన కథ" అని చెబితే జాలి సినిమా అనుకుని పక్కన పెట్టేస్తారు, "మోసపోయాక ఆవిడ చేసిన పని చూడు" అంటే కూర్చుంటారు. కథ జరిగేది షుమెన్ అనే ఊళ్ళో, ఊరి పైన గుట్ట మీద బల్గేరియా రాజ్యస్థాపకుల స్మారకం ఒకటి భారీ కాంక్రీటు దిమ్మల్లా నిలబడి ఉంటుంది, దాన్ని ఒకసారి గమనించమని చెప్పండి చాలు.

అవార్డుల సంగతి చెప్పాలా వద్దా? కొంచెం చెప్పండి. చెక్ దేశంలో జరిగే కార్లోవీ వారీ ఫిల్మ్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి క్రిస్టల్ గ్లోబ్ దీనికే, బ్లాగాగా చేసిన ఎలీ స్కోర్చెవాకి ఉత్తమ నటి. కానీ మనవాళ్ళ చెవికి ఎక్కేది 2023 గోవా ఇఫీ (మన దేశపు అంతర్జాతీయ ఫిల్మ్ ఫెస్టివల్) కబురు: కొమాందరెవ్‌కి అక్కడ ఉత్తమ దర్శకుడి అవార్డు ఇచ్చారు, అదే వేదిక మీద స్పెషల్ జ్యూరీ అవార్డు కాంతార తీసిన రిషబ్ శెట్టికి వచ్చింది. కార్లోవీ వారీ ఎక్కడుందో తెలియనివాళ్ళు కూడా ఆ ముక్క వింటే "ఓహో" అంటారు. ఇంకో సంగతి, ఎలీ స్కోర్చెవా ఎనభైల్లో అక్కడ పెద్ద హీరోయిన్, తొంభైల్లో నటన వదిలేసి వెళ్ళిపోయి ఏళ్ళ తరబడి కనబడలేదు, తిరిగి వచ్చింది ఈ పాత్రకి. సినిమా నచ్చినవాళ్ళకి వెంటనే ఆవిడ ఎనభైల నాటి సినిమా ఏదైనా వెతికి పడుచు స్కోర్చెవాని చూపించండి, ఒక్క నటి ముఖం పట్టుకుని నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళిపోతారు.

అడిగినవాళ్ళు ఆఫీసు రాజకీయాలు, గవర్నమెంటు ఫైళ్ళు, వీటి మీద కసి ఉన్న మనిషైతే బ్లాగా బదులు 'గ్లోరీ' (2016) చెప్పండి. క్రిస్టినా గ్రోజెవా, పీటర్ వల్చానొవ్ అనే ఇద్దరు కలిసి తీశారు. త్సాంకో అనే రైల్వే లైన్‌మన్, మాట తడబడే మనిషి, పట్టాల మీద కుప్పగా పడి ఉన్న నోట్లు చూసి పోలీసులకి చెబుతాడు. రవాణా శాఖ మీద అప్పుడే అవినీతి గోల నడుస్తోంది, ఆ గోల మీద నీళ్ళు చల్లడానికి పీఆర్ మేడమ్ ఇతన్ని పట్టుకొచ్చి స్టేజీ ఎక్కించి సన్మానం చేయిస్తుంది, కొత్త వాచీ పెట్టడానికని అతని చేతికున్న పాత వాచీ తీసి ఎక్కడో పడేస్తారు. అది వాళ్ళ నాన్న ఇచ్చిన స్లావా కంపెనీ వాచీ. కొత్తది సరిగ్గా పనిచేయదు. అతను అడిగేది తన పాత వాచీ ఇచ్చేయమని, అంతే, ఇంకేం వద్దు. శాలువా కప్పి ఫొటో తీసుకుని మనిషిని మర్చిపోయే సన్మానాలు చూసిన తెలుగువాళ్ళకి ఇది నవ్వు, కడుపుమంట రెండూ తెప్పిస్తుంది. ఇదే జంట అంతకుముందు తీసిన 'ది లెసన్' (2014), అంటే ఇల్లు వేలానికి వచ్చిన స్కూల్ టీచర్ కథ, గొప్పదే కానీ ఊపిరాడనివ్వదు, అప్పులవాళ్ళ టెన్షన్ మొదటినుంచి చివరిదాకా. ఇంట్లో ఈఎంఐ గొడవలు నడుస్తున్నవాళ్ళకి అది ఆదివారం సాయంత్రం చెప్పకండి, నిజంగా.

ఇక చెప్పే పద్ధతి. వాట్సాప్‌లో నాలుగు వాక్యాలు దాటకూడదు. పేరు, సంవత్సరం, దర్శకుడు ఒక వాక్యం. కథ మొదలు ఒక వాక్యం, మొదలు మాత్రమే. అది ఏ మూడ్‌లో ఉంటుందో ఒక వాక్యం. నిడివి, ఏ భాష సబ్‌టైటిల్స్, ఎక్కడ దొరుకుతుంది అన్నది ఆఖరి వాక్యం. ఉదాహరణకి ఇలా:

"గ్లోరీ, 2016, గ్రోజెవా–వల్చానొవ్. పట్టాల మీద దొరికిన డబ్బు అప్పగించిన రైల్వే ఆయన్ని మినిస్ట్రీవాళ్ళు సన్మానించి, ఆయన వాచీ పోగొడతారు. కామెడీలా మొదలవుతుంది, అలాగే ఉంటుందనుకోకు. రెండు గంటల లోపే, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్, లింకు కింద ఉంది, చూశాక ఫోన్ చెయ్."

ఇందులో "కళాఖండం" లేదు, "తప్పక చూడాల్సిన" లేదు, "తూర్పు యూరప్ కమ్యూనిస్టు పాలన తదనంతర సమాజపు" అసలే లేదు. ఆ మాట కనబడగానే సగం మంది అది పరీక్ష సిలబస్ అనుకుంటారు. "స్లోగా ఉంటుంది కానీ" అని ముందే క్షమాపణ చెప్పుకోవడం కూడా మానేయండి. స్లో అని మీరు చెప్పారు కాబట్టే వాళ్ళు పదో నిమిషంలో ఫోన్ తీస్తారు. కెమెరా చేత్తో పట్టుకుని తీస్తారు, కొంచెం ఊగుతుంది, పాటలుండవు, అది మాత్రం చెబితే చాలు.

సంవత్సరం ఎందుకు అంత ముఖ్యమంటే, బల్గేరియా సినిమాల ఇంగ్లిష్ పేర్లంత పొదుపైనవి ఇంకెక్కడా ఉండవు. 'గ్లోరీ' అని వెతికితే 1989 నాటి అమెరికా అంతర్యుద్ధం సినిమా వస్తుంది. 'ది ఫాదర్' అంటే అందరికీ ఆంథొనీ హాప్కిన్స్ గుర్తొస్తాడు, కానీ గ్రోజెవా–వల్చానొవ్‌ల 'ది ఫాదర్' దానికి ఒక ఏడాది ముందుది, 2019లో కార్లోవీ వారీలో క్రిస్టల్ గ్లోబ్ గెలిచింది, పైగా అది చావింట్లో మొదలయ్యే కామెడీ. అన్నిటికంటే చిక్కు 'యెస్టర్‌డే'తో: ఇవాన్ ఆందోనొవ్ 1988లో తీసింది బోర్డింగ్ స్కూల్లో బీటిల్స్ పాటలు వింటూ పెరిగిన అరవైల కుర్రాళ్ళ కథ, 2019లో వచ్చిన బ్రిటిష్ 'యెస్టర్‌డే' కూడా బీటిల్స్ గురించే! వేరే సినిమా చూసి వచ్చి మీతో బల్గేరియా గురించి చర్చ పెట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి పేరు పక్కన సంవత్సరం, దర్శకుడు తప్పనిసరి. వీలైతే బల్గేరియన్ పేరు కూడా వాళ్ళ లిపి సిరిలిక్ అక్షరాల్లో కాపీ చేసి పంపండి, యూట్యూబ్‌లో దానితో వెతికితే ఇంగ్లిష్ పేరుకి దొరకనివి చాలా దొరుకుతాయి. మనుషుల పేర్లు ఇంగ్లిష్‌లో ఒక్కోచోట ఒక్కోలా రాస్తారు, వల్చానొవ్ ఒకచోట వుల్చానొవ్ అవుతాడు, ఒక స్పెల్లింగుతో రాకపోతే రెండోది కొట్టమనండి.

నటుల దారిలో తీసుకెళ్ళడం ఇంకో పద్ధతి, కుర్రకారుకి ఇదే బాగా పనిచేస్తుంది. మరియా బకలోవా బుర్గాస్ అనే నల్లసముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టింది, సోఫియాలో నాటకాల అకాడమీలో చదివింది, 2020లో రెండో బోరాట్ సినిమాతో ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. మార్వెల్ చూసేవాళ్ళకి 'గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ' మూడో భాగంలో మాట్లాడే కుక్క కాస్మో గొంతు ఆవిడదే అని చెప్పండి, 'ది అప్రెంటిస్' (2024)లో ట్రంప్ మొదటి భార్య ఇవానాగా చేసింది కూడా ఆవిడే. అక్కడినుంచి 'ట్రయంఫ్' (2024)కి లాగండి. తొంభైల మొదట్లో, కమ్యూనిస్టు ప్రభుత్వం కూలిన వెంటనే, సోఫియా దగ్గర త్సరిచినా అనే పల్లెలో సైన్యం నిజంగానే సోదె చెప్పేవాళ్ళ మాట విని ఏదో మహిమ గల వస్తువు కోసం గొయ్యి తవ్వింది, ఆ ఉదంతం ఆధారంగా గ్రోజెవా–వల్చానొవ్ తీసిన వ్యంగ్యం ఇది. నిధి తవ్వకాల వార్తలు చదివే మనకి కొత్తేం కాదు, అక్కడ తవ్వింది ఆర్మీ అన్నదే తేడా. ఇందులో బకలోవాని చూడబోయి మార్గిటా గోషెవాని కనిపెడతారు, 'ది లెసన్'లో టీచర్, 'గ్లోరీ'లో పీఆర్ మేడమ్ ఆవిడే. అలాగే 'గ్లోరీ'లో నోట్లోంచి మాట రాని అమాయకపు త్సాంకోగా చేసిన స్టెఫాన్ దెనొల్యుబొవ్, 'ది లెసన్'లో వడ్డీ వ్యాపారి. ఒకదాని తర్వాత ఒకటి చూపించి "ఇద్దరూ ఒకడే" అని చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు చూడండి. బల్గేరియా చిన్న దేశం, నటులు తక్కువ, అదే ముఖాలు తిరిగి తిరిగి వస్తాయి, ఆ సంగతిని లోటుగా కాకుండా పట్టుకొమ్మగా వాడుకోండి.

మరికొన్ని పట్టుకొమ్మలు క్లుప్తంగా. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' అయిదో సీజన్ 'హార్డ్‌హోమ్' ఎపిసోడ్‌లో అడవిమనుషుల నాయకుడు లొబోడాగా చేసింది జఖారీ బహారొవ్, ఆయన్ని హీరోగా చూడాలంటే యావోర్ గర్దెవ్ తీసిన 'జిఫ్ట్' (2008), బ్లాక్ అండ్ వైట్ క్రైమ్ సినిమా, రాత్రి సోఫియా వీధుల్లో నడుస్తుంది, బూతులు బాగానే ఉంటాయి కాబట్టి ఇంట్లో టీవీలో పెట్టేముందు చెప్పండి. మెల్ గిబ్సన్ ఏసుక్రీస్తు సినిమాలో పొంతి పిలాతు గుర్తున్నవాళ్ళకి ఆయన హ్రిస్తో షోపొవ్ అని చెప్పి పైన చెప్పిన 'యెస్టర్‌డే' (1988) చూపించండి, కుర్రాడిగా ఉంటాడు. చర్చికి వెళ్ళే కుటుంబాల్లో ఈ పరిచయం భలే పనిచేస్తుంది. నీనా దొబ్రెవ్ పేరు మాత్రం ఎవరో ఒకరు ఎత్తుతారు, ఆవిడ సోఫియాలో పుట్టింది నిజమే, రెండేళ్ళ పిల్లప్పుడే కెనడా వెళ్ళిపోయింది, వాంపైర్ సీరియల్ చూసి బల్గేరియా సినిమా తెలిసినట్టు కాదు. 'బాహుబలి'లో మంచు సన్నివేశాలు, 'ఆర్ఆర్ఆర్'లో ఎన్టీఆర్ అడవిలో పరిగెత్తే సన్నివేశం బల్గేరియాలో తీశారు, సోఫియా పక్కన విటోషా కొండ కింద ఉన్న బోయానా స్టూడియోలో హాలీవుడ్ యాక్షన్ సినిమాలు బోలెడు తయారవుతాయి. మాట కలపడానికి ఇది మంచి ముక్క, అయితే అక్కడే ఆగకండి, అద్దెకిచ్చిన అడవి వేరు, వాళ్ళు తీసుకున్న సినిమా వేరు.

పాత సినిమాల దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? కొత్తవి రెండు నచ్చాక. అప్పుడు 'ది గోట్ హార్న్' (1972), మెతోది ఆందోనొవ్ దర్శకత్వం. ఒట్టోమన్ తుర్కుల పాలన కాలం, నలుగురు వచ్చి మేకలకాపరి భార్య మీద అత్యాచారం చేసి చంపేస్తారు, అతను కూతుర్ని కొండల్లోకి తీసుకుపోయి మగపిల్లాడిలా పెంచి పగ తీర్చుకోవడం నేర్పిస్తాడు. కథ చెబితే మన పగ సినిమాలానే వినిపిస్తుంది, చూస్తే పగ ఆ పిల్లని ఏం చేసిందన్నదే సినిమా. తల్లిగా, పెద్దయిన కూతురిగా రెండూ చేసింది కాత్యా పస్కాలెవా. పరాయి ప్రేక్షకులకి ఇది ఎందుకు సులువంటే మాటలు చాలా తక్కువ, కళ్ళు సబ్‌టైటిల్స్ మీద ఉండనక్కర్లేదు, ఇంగ్లిష్ అంతగా చదవలేని పెద్దవాళ్ళు కూడా పక్కన కూర్చుని చూసేయగలరు. మొదట్లో వచ్చే ఆ హింస గురించి మాత్రం ముందే హెచ్చరించాలి, అది మర్యాద.

ప్రేమకథలు ఇష్టమైతే 'ది పీచ్ థీఫ్' (1964). మొదటి ప్రపంచయుద్ధం చివరి రోజులు, వెలికో తర్నొవో ఊరు, కల్నల్ గారి భార్య, పండ్లతోటలో దొంగతనానికి దూరిన సెర్బియా యుద్ధఖైదీ. వలో రాదెవ్ తీశాడు, ఎమిలియన్ స్టానెవ్ నవలిక ఆధారం. ఆ భార్యగా నెవెనా కోకానోవా, బల్గేరియా సినిమాకి ప్రథమ మహిళ అని అక్కడివాళ్ళు పిలుచుకునే నటి. మన సావిత్రి కళ్ళు ఇష్టపడేవాళ్ళకి ఈవిడ గురించి ఇంక నేను చెప్పక్కర్లేదు. చరిత్ర మీద ఆసక్తి ఉంటే 'స్టార్స్' (1959): తూర్పు జర్మనీ, బల్గేరియా కలిసి తీసినది, దర్శకుడు కొన్రాడ్ వోల్ఫ్, రాసింది ప్లొవ్దివ్‌లో పుట్టిన యూదుడు ఆంజెల్ వాగెన్‌స్టైన్. గ్రీసు యూదుల్ని నాజీల మరణశిబిరం ఆష్విట్జ్‌కి తరలిస్తూ దారిలో ఒక బల్గేరియా ఊళ్ళో ఉంచుతారు, ఒక జర్మన్ సైనికుడు అందులో ఒక అమ్మాయిని ప్రేమిస్తాడు. కాన్స్‌లో ఇది బల్గేరియా తరఫున వెళ్ళి జ్యూరీ స్పెషల్ ప్రైజ్ తెచ్చుకుంది. దీన్ని చెప్పేటప్పుడు ఒక్క వాక్యం జోడించండి: బల్గేరియా తన సొంత గడ్డ మీది దాదాపు 48,000 మంది యూదుల్ని నాజీలకి అప్పగించలేదు, కానీ తన చేతికింద ఉన్న థ్రేస్, మాసిడోనియాల నుంచి 11,000 పైచిలుకు మందిని పంపించింది. మొదటి సగం మాత్రమే చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

కామెడీల దగ్గర జాగ్రత్త. బల్గేరియన్లు కంఠతా వచ్చేలా చూసే కామెడీలు డెబ్భైలు, ఎనభైల నుంచి బోలెడున్నాయి, తోదోర్ కోలెవ్, గియోర్గి పర్త్సాలెవ్ లాంటివాళ్ళు తెర మీదికి వస్తేనే అక్కడ నవ్వులు, కానీ ఆ నవ్వు చాలావరకు మాటలో, యాసలో ఉంటుంది, సబ్‌టైటిల్‌కి అందదు. బయటివాళ్ళకి పనికొచ్చేవి పరిస్థితి మీద నడిచేవి. ఎడ్వర్డ్ జహారియెవ్ తీసిన 'ది హేర్ సెన్సస్' (1973) అలాంటిది: పట్నం నుంచి గణాంకాల ఉద్యోగి ఒక పల్లెకి దిగి, ఊళ్ళో మగాళ్ళందర్నీ పోగేసి పొలాల్లో అడవి కుందేళ్ళని లెక్కపెట్టిస్తాడు. ఎందుకని ఎవరూ గట్టిగా అడగరు, పై నుంచి ఆర్డరు కదా. ఆ ఉద్యోగిగా ఇత్సాక్ ఫిన్సి, ఆయన కొడుకు సామ్యూల్ ఫిన్సి ఇప్పుడు జర్మనీలో పేరున్న నటుడు, జర్మనీలో ఉన్న మన ఐటీవాళ్ళు ఆయన్ని టీవీలో చూసే ఉంటారు. ఇంకొకటి 'ది వేల్', 1970లో విడుదలైంది, వలలో పడిన చిన్న చేప రిపోర్టుల్లో ఒక్కో ఆఫీసు దాటేకొద్దీ పెరిగి పెరిగి తిమింగలం అవుతుంది. బడ్జెట్ ప్రసంగాలు చదివిన ఎవరికైనా అర్థమయ్యే జోకు. బింకా జెల్యాజ్కోవా తీసిన 'ది అటాచ్‌డ్ బెలూన్' (1967) కూడా ఉంది, యుద్ధకాలపు బెలూన్ ఒకటి ఊరి మీదికి కొట్టుకొస్తే దాన్ని దించి పట్టు గుడ్డ పంచుకుందామని పల్లె మొత్తం వెంటపడటం, అప్పటి ప్రభుత్వం దాన్ని కొద్దిరోజులకే థియేటర్ల నుంచి తీసేయించింది. నాకు చాలా ఇష్టం, కానీ వింతగా ఉంటుంది, కల లాగా తెగుతూ సాగుతుంది, నాలుగైదు సినిమాలు చూసి ఇంకా అడుగుతున్నవాళ్ళకి మాత్రమే ఇవ్వండి.

ఇప్పుడు 'టైమ్ ఆఫ్ వయొలెన్స్'. ల్యుద్మిల్ స్తైకొవ్ తీశాడు, ఆంటొన్ దొంచెవ్ నవల ఆధారం. 17వ శతాబ్దం, రొడోపీ కొండల్లోని లోయ, చిన్నప్పుడే ఎత్తుకుపోయి ఒట్టోమన్ సైనికుడిగా మార్చిన కరాఇబ్రహీం తన సొంత ఊరికే తిరిగి వచ్చి వాళ్ళని బలవంతంగా మతం మార్చాలి. పూర్తి కాపీ రెండు భాగాలు, దాదాపు అయిదు గంటలు, కుదించిన కాపీలూ తిరుగుతుంటాయి, ఏది పంపుతున్నారో చూసుకోండి. అసలు జాగ్రత్త నిడివి గురించి కాదు. ఇది విడుదలైన 1988 నాటికి బల్గేరియా ప్రభుత్వం తన దేశంలోని టర్కీ మూలాల ముస్లింల పేర్లు బలవంతంగా మార్పించేసింది, 1989 వేసవిలో మూడు లక్షల మందికి పైగా టర్కీకి వెళ్ళిపోయారు. ఆ మాట చెప్పకుండా సినిమా ఒక్కటీ ఇస్తే సగం కథ ఇచ్చినట్టే. పైగా మన దగ్గర ఇలాంటి సినిమాలోంచి రెండు నిమిషాల ముక్క కత్తిరించి గ్రూపుల్లో తిప్పడానికి రెడీగా ఉండేవాళ్ళు ఉన్నారు. అందుకే దీన్ని గ్రూపుల్లో పెట్టకండి, విడిగా, కాస్త ఓపిక ఉన్న మనిషికి చెప్పండి, వెంటనే రాదొస్లావ్ స్పాసొవ్ తీసిన 'స్టోలెన్ ఐస్' (2005) కూడా చూడమనండి, అది పేర్లు మార్పించిన ఆ రోజుల గురించే. అందులో చేసిన వెసెలా కజకోవాకి మాస్కోలో ఉత్తమ నటి అవార్డు వచ్చింది.

దొరకడం సంగతి. ఓటీటీల్లో ఈ సినిమాలు వస్తుంటాయి, పోతుంటాయి, కాబట్టి ఏ సినిమా ఏ ఓటీటీలో ఉందో చూపించే జస్ట్‌వాచ్ సైట్‌లో చెప్పే రోజే ఇండియా సెట్టింగ్‌తో చూసి చెప్పండి, అవతలివాళ్ళు అమెరికాలో ఉంటే ఆ దేశం పెట్టి చూడండి. తెలుగు సబ్‌టైటిల్స్ మీద ఆశ పెట్టుకోకండి, ఇంగ్లిష్‌వే, పాతవాటికి అభిమానులు చేసినవి ఉంటాయి, సినిమా పంపేముందు మధ్యలో ఎక్కడో అయిదు నిమిషాలు పెట్టి సబ్‌టైటిల్స్ మాటకి సరిపోతున్నాయో లేదో చూడండి. ఫిల్మ్ క్లబ్‌లోనో కాలేజీలోనో పదిమందికి వేయాలనుకుంటే యూట్యూబ్ పెట్టేయడం కాదు, కొత్త సినిమాకి నిర్మాతకో సేల్స్ కంపెనీకో మెయిల్ రాయండి, పాతవాటికి సోఫియాలోని బల్గేరియన్ నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్‌ని అడగండి, ఢిల్లీలోని బల్గేరియా ఎంబసీకి కూడా ఆ మెయిల్ కాపీ పెట్టండి. రెండు నెలల ముందు మొదలుపెట్టండి, చిన్న దేశాలవాళ్ళు అడిగితే సంతోషంగానే స్పందిస్తారు కానీ కాగితాలకి టైమ్ పడుతుంది.

షో మొదలయ్యే ముందు ఉపన్యాసం వద్దు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి: బల్గేరియన్లు అవునంటే తల అడ్డంగా ఊపుతారు, కాదంటే పైకి ఎగరేస్తారు. ఇది తెలియకపోతే బేరసారాల సీన్లలో, పోలీసు విచారణ సీన్లలో చూసేవాళ్ళు తికమక పడతారు, ఒప్పుకున్నాడా లేదా అని పక్కవాళ్ళని అడుగుతూ కూర్చుంటారు.

రెండు గంటలు ఇవ్వడానికే ఒప్పుకోని మనుషులు ఉంటారు. వాళ్ళకి 'బ్లైండ్ వైషా' (2016) పంపండి, ఎనిమిది నిమిషాల యానిమేషన్, ఒక కన్నుతో గతం మాత్రమే, ఇంకో కన్నుతో భవిష్యత్తు మాత్రమే కనబడే పిల్ల కథ. తీసింది కెనడాలో స్థిరపడిన బల్గేరియన్ తియొడోర్ ఉషెవ్, కెనడా నేషనల్ ఫిల్మ్ బోర్డు నిర్మాణం, ఆస్కార్‌కి నామినేట్ అయింది. మూలకథ రాసిన గియోర్గి గొస్పొదినొవ్ 2023లో ఇంటర్నేషనల్ బుకర్ గెలిచాడు కాబట్టి పుస్తకాలు చదివేవాళ్ళకి ఇటునుంచి రావచ్చు. సంగీతం పిచ్చి ఉన్నవాళ్ళకైతే అదేలా పెయెవా డాక్యుమెంటరీ 'హూజ్ ఈజ్ దిస్ సాంగ్?' (2003): ఒకే పాట టర్కీ, గ్రీసు, అల్బేనియా, బోస్నియా, సెర్బియా, మాసిడోనియా, బల్గేరియాల్లో పాడతారు, ప్రతివాళ్ళూ అది మాదేనంటారు, ఆవిడ కెమెరా పట్టుకుని ఊరూరా అడుగుతూ వెళ్తే కొన్నిచోట్ల కొట్టేంత పని అవుతుంది. జానపదం ఏ జిల్లాదో తేల్చుకోలేక కొట్టుకునే మన యూట్యూబ్ కామెంట్లు చూసినవాళ్ళు దీన్ని ఒక్క గుక్కలో చూసేస్తారు.

చూశాక ఏం నచ్చిందని కాకుండా, ఎవరు నచ్చారని అడగండి. నటుడి పేరో, పాత్రో చెబితే తర్వాతి సినిమా అక్కడినుంచే తీయొచ్చు. "టీచరమ్మ" అంటే 'ది లెసన్', "ఆ వాచీ ఆయన" అన్నా 'ది లెసన్'కే, ఈసారి వడ్డీ వ్యాపారి కోసం. "ఇంకా బ్లాగా లాంటి ఆడవాళ్ళ కథ ఉందా" అంటే ఇవైలో హ్రిస్తొవ్ తీసిన 'ఫియర్' (2020), టర్కీ సరిహద్దు ఊళ్ళో ఉద్యోగం పోయిన వితంతువు, అడవిలో ఎదురుపడిన ఆఫ్రికా శరణార్థి, ఊరంతా ఎదురుతిరిగినా తగ్గని ఆవిడ మొండితనం. ఎవరూ నచ్చలేదంటే వదిలేయండి, ఆర్నెల్లు ఆగి 'ది గోట్ హార్న్' పేరు ఒక్కసారి ఎత్తి చూడండి.